మందు మారాక బరువు ఎందుకు పెరిగింది? హెచ్‌ఐవీ మాత్రలు, షుగర్, కొలెస్ట్రాల్

(స్క్రీన్ మీద: బెల్టు, పాత రంధ్రం దగ్గర అరిగిన గీత, ఇప్పుడు పెట్టుకుంటున్న రంధ్రం దానికి రెండు అవతల)

మాత్ర మార్చారు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే అంకె) బాగుంది, కానీ ఏడాది తిరగకుండానే బెల్టు ఇలా అయింది. డాక్టర్‌కి చెబితే చాలాసార్లు వచ్చే జవాబు "తిండి తగ్గించండి". తిండి సంగతి కూడా చూడాల్సిందే, కాదనను, కానీ మందులో ఏం మారిందో చూడకుండా ముందే తప్పంతా మీ మీద వేసేస్తే అసలు కారణం బయటికే రాదు.

మందు మారిన రోజు రెండు పనులు జరుగుతాయి. కొత్తది ఒంట్లోకి వస్తుంది, పాతది పోతుంది. అందరూ కొత్తదాన్నే అనుమానిస్తారు. నేనైతే ముందు పాతదాని గురించే అడుగుతాను.

పాత హెచ్‌ఐవీ మందు ఎఫావిరెంజ్ సంగతే చూడండి. కొందరికి పుట్టుకతోనే లివర్‌లో ఆ మందును కరిగించే ఎంజైమ్ నెమ్మదిగా పనిచేస్తుంది, దాంతో మందు రక్తంలో ఎక్కువగా నిలిచిపోయి బరువు పెరగనివ్వదు. దాన్ని తీసేసి కొత్త మందు డోల్యూటెగ్రావిర్ ఇస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. టెనోఫోవిర్ అనే ఇంకో హెచ్‌ఐవీ మందు పాత రూపం టీడీఎఫ్ కూడా అంతే, బరువునీ కొలెస్ట్రాల్‌నీ కాస్త అణిచి ఉంచుతుంది. కిడ్నీలు, ఎముకల కోసం దాని కొత్త రూపం టీఏఎఫ్‌కి మారిస్తే రక్తంలో టెనోఫోవిర్ దాదాపు 90 శాతం తగ్గుతుంది, అది మంచిదే, కానీ అణిచి ఉంచేది కూడా పోతుంది.

(స్క్రీన్ మీద: లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు)

టీఏఎఫ్‌కి మారాక రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఒక్కటే చూసి టెన్షన్ పడకండి. మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) కలిసే పెరుగుతుంటాయి, మొత్తాన్ని హెచ్‌డీఎల్‌తో భాగిస్తే వచ్చే అంకె సాధారణంగా పెద్దగా కదలదు.

దక్షిణాఫ్రికాలో అడ్వాన్స్ అని ఒక అధ్యయనం జరిగింది, 2019లో ఫలితాలు వచ్చాయి. అందులో ఉన్నవాళ్లు మందు మార్చుకున్నవాళ్లు కాదు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు, అయినా తేడా చూడండి: 48 వారాల్లో డోల్యూటెగ్రావిర్, టీఏఎఫ్ కలిపి వాడినవాళ్లు సగటున 6 కిలోలు దాటి పెరిగారు, డోల్యూటెగ్రావిర్, టీడీఎఫ్ వాడినవాళ్లు సుమారు 3 కిలోలు, ఎఫావిరెంజ్ వాడినవాళ్లు 2 కిలోల లోపే. ఆడవాళ్లలో పెరుగుదల ఇంకా ఎక్కువ.

అన్ని మార్పులూ ఇలా ఉండవు. రిటోనావిర్ కలిసిన లోపినావిర్ అనే హెచ్‌ఐవీ మందు నుంచి డోల్యూటెగ్రావిర్‌కి వస్తే ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు) తగ్గుతాయి.

షుగర్ విషయంలో మాత్రం జాగ్రత్త. డోల్యూటెగ్రావిర్‌కి మారిన కొద్దిమందిలో కొన్ని వారాల్లోనే, కొన్ని నెలల్లోనే షుగర్ బాగా పెరిగిన సందర్భాలున్నాయి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు, వెంటనే షుగర్ చూపించుకోండి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాట మందు మార్చేటప్పుడే చెప్పాలి, ఎందుకంటే డోల్యూటెగ్రావిర్ దాన్ని రక్తంలో పెంచుతుంది, అందుకే రెండూ వాడేవాళ్లకు రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. ఇంకోటి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) అసలు కంటే తక్కువ చూపించే అవకాశముంది, కాబట్టి ఫాస్టింగ్ షుగర్ కూడా అడగండి.

మందు మారే రోజే బరువు, నడుము కొలత, బీపీ, ఫాస్టింగ్ షుగర్, లిపిడ్ ప్రొఫైల్ రాయించుకోండి. ఆ అంకెలు లేకపోతే ఆరు నెలల తర్వాత ఏది దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

బరువు చూసి మాత్రలు మాత్రం ఆపకండి. వైరస్ తిరిగి లేస్తుంది, పైగా హెపటైటిస్ బీ కూడా ఉన్నవాళ్లు టెనోఫోవిర్ ఆపితే లివర్ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. మళ్లీ మార్చాలా వద్దా అన్నది ఆ అంకెలన్నీ ముందు పెట్టుకుని డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి.