బడిపిల్లలు తెరిపించిన స్టూడియో: హెసూస్ ట్రెవీన్యో తొలి ఉద్యోగాలు

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఈ ఏడాది చివరికల్లా ఏదో ఒక చానల్లోనో, ఓటీటీ సంస్థలోనో ట్రైనీలుగా చేరబోతున్నారు. "టీవీలో మొదటి ఉద్యోగం" మీద మాట్లాడమని మీ విభాగం వాళ్లు అడగ్గానే నాకు తట్టిన పేరు హెసూస్ సల్వడార్ ట్రెవీన్యో. 1946లో టెక్సాస్‌లోని ఎల్ పాసోలో పుట్టి, లాస్ ఏంజెలెస్‌లో పెరిగిన మెక్సికన్ అమెరికన్. ఈఆర్, ఎన్‌వైపీడీ బ్లూ, బాబిలాన్ ఫైవ్ సీరియళ్లలో ఎపిసోడ్లు డైరెక్ట్ చేశారు. 2000లో షోటైమ్ చానల్లో మొదలైన రెసరెక్షన్ బులవార్డ్ అనే లాటినో కుటుంబ కథకు నిర్మాతల్లో ఒకరు. ఆ వివరాలన్నీ మీరు ఫోన్లో చూసుకోవచ్చు. నేను 1968కీ 1972కీ మధ్య, ఇంకా పాతికేళ్లు అటూ ఇటూగా ఉన్న వయసులో ఆయన చేసిన పనుల దగ్గరే ఆగుతాను. 2001లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో ఆయన కూడా ఆ రోజులకే పెద్దపీట వేశారు.

నేను నమ్మే మాట ముందే చెప్పేస్తాను. ఆయనకు టీవీలో చోటు దొరకడానికి ప్రతిభ ఒక్కటే చాలలేదు. అంతకుముందు వేలాదిమంది పిల్లలు రోడ్డెక్కాల్సి వచ్చింది.

1968 మార్చి 1న, మెక్సికన్ అమెరికన్లు ఎక్కువగా ఉండే లాస్ ఏంజెలెస్ తూర్పు వైపున్న విల్సన్ హైస్కూల్లో పిల్లలు వేయబోయే నాటకాన్ని ప్రిన్సిపాల్ రద్దు చేశారు. పిల్లలు క్లాసుల్లోంచి లేచి బయటికొచ్చేశారు. ఆ తర్వాతి రోజుల్లో గార్ఫీల్డ్, రూజ్‌వెల్ట్, లింకన్, బెల్మాంట్ స్కూళ్ల పిల్లలు కూడా బయటికి నడిచారు. కోపం అంతకుముందు నుంచీ ఉన్నదే. ఆ స్కూళ్లలో సగానికి సగం మంది చదువు మధ్యలోనే మానేసేవారు. క్లాసులో స్పానిష్ మాట్లాడితే దెబ్బలు పడేవి. తెలుగు మాట్లాడినందుకు ఫైన్ కట్టిన వాళ్లు ఈ హాల్లో కూడా ఉండే ఉంటారు, కాబట్టి ఆ అవమానం ఎలా ఉంటుందో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. తమ చరిత్ర పాఠాల్లో ఉండాలి, తమ భాషలోనూ చదువు చెప్పాలి, తమవాళ్లు టీచర్లుగా రావాలి అన్నవి ఆ పిల్లల డిమాండ్లు. వాళ్ల వెనక నిలబడ్డ లింకన్ హైస్కూల్ టీచర్ సాల్ కాస్ట్రోతో సహా 13 మంది మీద కుట్ర కేసు పెట్టారు. కాస్ట్రో ఉద్యోగం పోయింది. ఆయన్ని మళ్లీ తీసుకోవాలంటూ ఆ సెప్టెంబర్ చివర్లో జనం స్కూల్ బోర్డు హాల్లోనే రోజుల తరబడి బైఠాయించారు.

సరిగ్గా ఆ ఏడాదే ట్రెవీన్యో ఆక్సిడెంటల్ కాలేజీలో ఫిలాసఫీ డిగ్రీ పూర్తి చేశారు. సినిమా గురించి ఏమీ తెలియదు, ఆ రంగంలో తెలిసినవాళ్లు కూడా లేరు. పేదరికం మీద యుద్ధం పేరుతో అమెరికా ప్రభుత్వం ఇస్తున్న డబ్బుతో అప్పుడే న్యూ కమ్యూనికేటర్స్ అనే శిక్షణ కార్యక్రమం మొదలైంది. నల్లజాతి, మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లకు సినిమా పని నేర్పడం దాని ఉద్దేశం. 1965లో అదే నగరంలోని వాట్స్‌లో అల్లర్లు జరిగి 34 మంది చనిపోయారు. పత్రికలూ టీవీలూ తెల్లవాళ్ల కళ్లతోనే లోకాన్ని చూస్తున్నాయని 1968 ఫిబ్రవరిలో, నగరాల్లో అల్లర్లకు కారణాలు వెతకడానికి ప్రభుత్వం వేసిన కెర్నర్ కమిషన్ తేల్చి చెప్పింది. ఆ తర్వాతే ఇలాంటి వాటికి డబ్బు కదిలింది. ఈ కార్యక్రమం ఎక్కువకాలం నిలవలేదు. కానీ ట్రెవీన్యో చేతికి ఒక సూపర్ ఎయిట్ కెమెరా వచ్చింది. ఆ కెమెరాతో ఆయన స్కూల్ బోర్డు హాల్లో జరిగిన బైఠాయింపును చిత్రీకరించారు.

ఆ కెమెరా గురించి కాస్త చెప్పాలి. మీ తరానికి రికార్డింగ్ అంటే బటన్ నొక్కి వదిలేయడం. సూపర్ ఎయిట్ కాట్రిడ్జ్‌లో ఉండే ఫిల్మ్ 50 అడుగులు. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున తీస్తే 3 నిమిషాల 20 సెకన్లకు అయిపోతుంది. అప్పటికి అందులో శబ్దం రికార్డయ్యేది కాదు. మాటలు కావాలంటే పక్కన ఎవరో టేప్ రికార్డర్ పట్టుకోవాలి. తీసిన ఫిల్మ్‌ను ల్యాబ్‌కు పంపి, అది కడిగి వచ్చేదాకా ఏం పడిందో ఏం పడలేదో తెలియదు. ఇప్పుడు నిండు హాలును ఊహించుకోండి. ఒక తల్లి లేచి మాట్లాడుతోంది, వెనక నుంచి ఎవరో పాట అందుకున్నారు, గుమ్మం దగ్గర పోలీసులున్నారు. చేతిలో ఉన్నది మూడు నిమిషాల ఫిల్మ్. ఎవరి మీద పెట్టాలి? ఎప్పుడు ఆపాలి? ఎడిటింగ్ టేబుల్ దగ్గర తీసుకునే నిర్ణయాలన్నీ ఆ హాల్లో నిలబడి, కంటితోనే తీసుకోవాలి. ఫిల్మ్ స్కూల్లో నాలుగేళ్లు చదివినా ఇంతకంటే గట్టి పాఠం దొరకదని నా అభిప్రాయం.

తర్వాత వచ్చింది అసలు ఉద్యోగం. కేసీఈటీ అనేది లాస్ ఏంజెలెస్‌లోని పబ్లిక్ టీవీ స్టేషన్, అంటే లాభం కోసం కాకుండా గ్రాంటులు, విరాళాలతో నడిచేది. 1969లో ఫోర్డ్ ఫౌండేషన్ ఇచ్చిన గ్రాంటుతో అక్కడ అహోరా! అనే కార్యక్రమం మొదలైంది. అహోరా అంటే స్పానిష్‌లో 'ఇప్పుడు'. వారపు రోజుల్లో సాయంత్రం అరగంట లైవ్. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లోనే స్టూడియో పెట్టారు. ఆ నిర్ణయం విలువ ఎంత చెప్పినా తక్కువే. మాట్లాడాల్సిన మనుషులు ఊరవతలున్న స్టేషన్‌కు వెళ్లి, సెక్యూరిటీని దాటుకుని రావాల్సిన పని తప్పింది. స్టూడియోనే వాళ్ల బజారుకు వచ్చింది. ట్రెవీన్యో అక్కడ అసిస్టెంట్‌గా చేరి, స్క్రిప్టులు రాస్తూ, చివరికి కెమెరా ముందు కూర్చునే స్థాయికి వచ్చారు.

రోజూ అరగంట లైవ్ అంటే ఎలా ఉంటుందో న్యూస్ చానల్లో ఒక్క నెల చేసినా తెలుస్తుంది. గెస్ట్ చివరి నిమిషంలో రానంటాడు. పాడటానికి వచ్చిన బృందం ఇద్దరని చెప్పి ఏడుగురు దిగుతారు. అయినా టైముకు షో ఆన్ ఎయిర్ వెళ్లాలి. అలాంటి షో 1970 దాకా సాగి, 170కి పైగా ఎపిసోడ్లు చేసింది. చర్చలు, సంగీతం, నాటకం, చరిత్ర అన్నీ అందులో ఉండేవి. ఆ రోజుల్లో అమెరికన్ టీవీలో తరచూ కనిపించే మెక్సికన్ ఎవరో తెలుసా? చిప్స్ దొంగిలించే ఫ్రిటో బండిటో అనే కార్టూన్ బొమ్మ. 1967 నుంచి 1971 దాకా ఆ ప్రకటన నడిచింది. అదే టీవీలో మెక్సికన్ అమెరికన్ కార్మికుడు, టీచర్, కవి కూర్చుని తమ సంగతులు తామే చెప్పుకోవడం ఇళ్లలో చూస్తున్నవాళ్లకు ఎలా అనిపించి ఉంటుందో ఆలోచించండి.

గ్రాంటు అయిపోయింది, అహోరా! ఆగిపోయింది. అప్పటికి ట్రెవీన్యో స్టేషన్‌లో నిలదొక్కుకున్నారు. ఇంతలో 1970 ఆగస్టు 29 వచ్చింది. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ఇరవై వేలకు పైగా మెక్సికన్ అమెరికన్లు ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో ఊరేగింపు తీశారు. పోలీసులు విరుచుకుపడ్డారు. ఆ మధ్యాహ్నం సిల్వర్ డాలర్ అనే బార్‌లో కూర్చున్న రూబెన్ సలజార్ తలకు, ఒక షెరిఫ్ డెప్యూటీ పేల్చిన టియర్ గ్యాస్ గుండు తగిలింది. ఆయన అక్కడికక్కడే చనిపోయారు. సలజార్ లాస్ ఏంజెలెస్ టైమ్స్ కాలమిస్టు, కేఎంఈఎక్స్ అనే స్పానిష్ టీవీ స్టేషన్ న్యూస్ డైరెక్టర్. వయసు 42. ఆయన మృతిపై జరిగిన విచారణను అక్కడి టీవీ స్టేషన్లు 16 రోజులు లైవ్ చూపించాయి. వేరొకరి చేతిలో చనిపోయాడని జ్యూరీలో నలుగురు, ప్రమాదమని ముగ్గురు తేల్చారు. ఎవరి మీదా కేసు పెట్టలేదు. ట్రెవీన్యో కేసీఈటీ కోసం ఆ విచారణ మీద ఒక కార్యక్రమం తయారుచేశారు. తనలాంటి పనే చేస్తున్న, తనకంటే ఎంతో పెద్ద పేరున్న మనిషి చావు గురించి, ఇరవై నాలుగేళ్ల వయసులో, కట్టుతప్పకుండా కార్యక్రమం చేయడం మామూలు విషయం కాదు. అది చేయగలిగారంటే, రెండేళ్లుగా నిరసనల మధ్య కెమెరా పట్టిన అలవాటే కారణమని నేననుకుంటాను.

మరుసటి ఏడాది చేసిన డాక్యుమెంటరీ నాకు మరీ ఇష్టం. మెక్సికన్ చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికెయిరోస్ 1932లో లాస్ ఏంజెలెస్ ఒల్వేరా వీధిలో ఒక భవనం మేడ గోడ మీద 80 అడుగుల పొడవున అమెరికా ట్రోపికల్ అనే బొమ్మ వేశారు. అందమైన అడవులూ పక్షులూ ఉంటాయనుకున్నారు వేయించుకున్నవాళ్లు. ఆయన మధ్యలో శిలువ మీద కట్టేసిన ఆదివాసీని, పైన అమెరికా గద్దను వేశారు. కొన్నాళ్లకే తెల్ల సున్నం కొట్టేశారు. ఎండకీ వానకీ ఆ సున్నం పెచ్చులూడి, 1960ల చివరికి బొమ్మ మళ్లీ కనిపించసాగింది. దాన్ని కాపాడాలన్న ఉద్యమం మొదలైన సమయంలోనే, 1971లో, ట్రెవీన్యో దాని కథను టీవీకెక్కించారు. ఆ గోడ 2012లో మళ్లీ జనానికి చూపడానికి తెరుచుకుంది.

ఇక 1972లో యో సోయ్ చికానో, అంటే 'నేను చికానోని'. ఉద్యమంలో ఉన్న మెక్సికన్ అమెరికన్లు తమకు తాము పెట్టుకున్న పేరు చికానో. మెక్సికన్ అమెరికన్ల పోరాట చరిత్రను దేశం మొత్తానికి చూపించిన తొలి డాక్యుమెంటరీల్లో అది ఒకటి. పొలం కూలీల సంఘం నాయకురాలు డొలొరెస్ వెర్టా, న్యూ మెక్సికోలో భూముల కోసం పోరాడిన రేయెస్ టిహెరీనా అందులో కనిపిస్తారు. అదే ఏడాది కేసీఈటీలో అక్సియోన్ చికానో అనే వారం వారం కార్యక్రమం కూడా ఆయన చేతికి వచ్చింది.

ఒక్కటి మాత్రం మీతో గట్టిగా చెప్పాలనుంది. జనం ఒత్తిడితో పుట్టిన ఆ కార్యక్రమాలు చాలావరకు గ్రాంటుల మీదే బతికాయి. డబ్బు ఆగితే షో ఆగేది. లైవ్ షోలు కాబట్టి వాటిలో చాలా వాటికి టేపులు కూడా మిగల్లేదు. రెండంగుళాల వీడియో టేపు అప్పట్లో చాలా ఖరీదు, స్టేషన్లు దాని మీదే మళ్లీ మళ్లీ రికార్డు చేసుకునేవి. అందుకే ఆ రోజుల్లో పనిచేసినవాళ్ల జ్ఞాపకాలకు ఇంత విలువ. మీరు చేరబోయే చోట కూడా మొదటి రోజు నుంచే అడగండి: ఈ షోకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఎన్నాళ్లు వస్తుంది, టేపులు ఎక్కడ దాస్తున్నారు. ట్రైనీకి ఇవన్నీ ఎందుకని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

పది నిమిషాలు టీ బ్రేక్ తీసుకుందాం. తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.