గిట్టల సందున తెలుగు

అందరికీ నమస్కారం. ఇది పశువైద్యుడి ప్రసంగం కాబట్టి మందుల జాబితా చెబుతానేమోనని భయపడకండి. మాటల గురించే చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో విశాఖ దగ్గర ఆనందపురం వైపు ఒక రైతు తన ఎద్దును చూపించాడు. నేను గంభీరంగా, "అంగుళ్యంతర భాగంలో వ్రణం ఉంది" అన్నాను. ఇంగ్లీషులో చదివినదాన్ని తెలుగు చేసి చెప్పానని లోపల సంబరం. ఆయన నన్ను జాలిగా చూసి, "గిట్టల సందున పుండు బాబూ, గాలికుంటేమో చూడండి" అన్నాడు. రోగం ఆయనే తేల్చాడు, చీటీ నేను రాశాను.

ఆ గాలికుంటు అన్న మాటను ఒకసారి విప్పి చూడండి. గాలి ఉంది, కుంటడం ఉంది. గిట్టల సందుల్లో, నోట్లో బొబ్బలు లేచి పశువు కుంటుతుంది. దీనికి కారణం వడపోతకు కూడా చిక్కనంత సూక్ష్మమైనదని 1897లో జర్మనీలో లోఫ్లర్, ఫ్రోష్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. పశువుల రోగాల్లో మొదట గుర్తించిన వైరస్ ఇదే. అది గాలిలోనూ ప్రయాణిస్తుందని తర్వాత తెలిసింది. మన రైతు పెట్టిన పేరులో రోగ లక్షణమూ, వ్యాపించే దారీ రెండూ ఉన్నాయి. ఏ పాఠ్యపుస్తకం ఇంతకన్నా పొదుపుగా చెబుతుంది?

పశువుల శరీర భాగాలకు ప్రపంచమంతటా ఒకే పేర్లు ఉండాలని 1968లో లాటిన్ పదాల పట్టిక అచ్చువేశారు. లాటిన్‌లో మనిషి గోరు 'ఉంగ్విస్', ఆ పట్టికలో గిట్ట 'ఉంగులా'. లాటిన్ వ్యాకరణం ప్రకారం ఉంగులా అంటే చిన్న గోరు! గుర్రపు గిట్టకు చిన్న గోరని పేరు. మనకు ఆ తికమక లేదు: గోరు వేరు, గిట్ట వేరు. అయితే మనమూ ఒకచోట తడబడతాం. పిల్లి గోటికీ కుక్క గోటికీ మనకు ఒకటే మాట. పిల్లి తన గోళ్లను ఒరలో కత్తిలా దాచుకుంటుంది, కుక్క దాచుకోలేదు. అందుకే కుక్క గోళ్లు నడకలో అరుగుతాయి. మేడ మీద పెరిగే కుక్కకు అరగవు, కత్తిరించాలి. గోటి లోపల నరమూ రక్తనాళమూ ఉంటాయి, కొసను మాత్రమే తీయండి.

వెంట్రుకల సంగతికొస్తే మన భాష పండగే. ఉన్ని, జూలు, నూగు, బొచ్చు... బొచ్చు అనగానే ముందు వరుసలో నవ్వులు వినిపిస్తున్నాయి. నవ్వండి, కానీ మంచి మాట. ఈ ఉక్కపోత ఊళ్లో హస్కీ కుక్కను పెంచుతున్నవారు ఇక్కడ ఇద్దరున్నారు. దానికి పైన బొచ్చు, కింద నూగు, రెండు పొరలు. వేడి తగ్గుతుందని నున్నగా గొరిగించకండి, పై పొర ఎండ నుంచి కాపాడుతుంది. ఊడే నూగును దువ్వి తీస్తే చాలు. ఇంకో మాట, కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాలి మెత్తల్లోనే. మధ్యాహ్నం బీచ్ రోడ్డులో తారు మీద నడిపిస్తే కాలేది ఆ మెత్తలే.

సంతలో ఎద్దును కొనేవాడు పళ్ల కన్నా ముందు సుడులు చూస్తాడు. వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటు సుడి. లాటిన్‌లో దాన్ని 'వోర్టెక్స్' అన్నారు, అంటే నీటి సుడే. రోమన్లకూ మనకూ ఒకే పోలిక తట్టింది! సుడి వల్ల అదృష్టం వస్తుందో పోతుందో నాకు నమ్మకం లేదు. కానీ సుడి స్థానం పుట్టుక నుంచి మారదు. విదేశాల్లో గుర్రాల గుర్తింపు పత్రాల్లో సుడులను గీసి పెడతారు.

సుడి కన్నా గట్టి గుర్తు మూతి. మన వేలిముద్రల్లాగే ఆవు మూతి మీది గాడులు ఏ రెండింటికీ కలవవు. సింహాచలం అప్పన్నకు కోడెలు మొక్కుకునే ప్రాంతం మనది, రోడ్ల మీద తిరిగే ఆవులకూ కొదవ లేదు. ఏది ఎవరిదో తగవు వస్తే చెవికి గుర్తుగా వేసిన పోగు ఊడిపోయినా మూతి ఉంటుంది. మీ ఇంట పశువుంటే ఈ సాయంత్రమే ఫోనుతో మూతిని దగ్గరగా ఫొటో తీసి దాచుకోండి. ముందు పొడి గుడ్డతో తుడవండి, ఆరోగ్యంగా ఉన్న ఆవు మూతి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, ఆ తడి మెరుపులో గాడులు కనపడవు.