తాడ్వాయి అడవిల కూలిన చెట్టు ఎవరిది?

[పస్రా దాటినంక హైవే మీద కారులోంచి తీసిన షాట్, రెండు పక్కల అడవి]

నమస్తే అందరికి. హన్మకొండ నుంచి ములుగు, గోవిందరావుపేట, పస్రా దాటి తాడ్వాయి దిక్కు పోతుంటే రోడ్డుకు రెండు పక్కల కనవడే ఈ అడవి ఏటూరునాగారం అభయారణ్యం. సుమారు 800 చదరపు కిలోమీటర్లు, హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడే, 1950లలోనే దీన్ని శాంక్చురీ చేసిన్రు. మేడారం జాతరకు పోయినోళ్ళందరు ఈ అడవిల నుంచి పోయినోళ్ళే, కానీ ఇది అభయారణ్యం అన్న సంగతి చానామందికి ఎరుక లేదు.

2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం నడుమ ఈ అడవిల ఒక గాలివాన వచ్చింది. మనం చిన్నప్పటి నుంచి చూసిన గాలివానల లెక్క గాదు అది, కొద్దిసేపట్లనే వేల చెట్లు నేలకొరిగినయి, అప్పుడు ఫారెస్టోళ్ళు చెప్పిన అంచనానే 50 వేలు దాటింది, కొన్ని నడుమకు విరిగినయి, కొన్ని వేర్లతోటి సహా లేచి పడ్డయి. డ్రోన్ వీడియోలు టీవీల వచ్చినయి, మీరు చూసే ఉంటరు.

అయితే ఆ వీడియోలు చూసి మా మామ నన్నొక మాట అడిగిండు. మా మామది వడ్ల పని, అంటే వడ్రంగం, నలభై ఏండ్ల నుంచి కర్రతోనే బతుకు, దుంగను చూసి అది ఏం చెట్టో, లోపల చేవ ఎంత ఉన్నదో చెప్తడు. "అల్లుడా, గంత కర్ర పడ్డది గదా, కొట్టింది మనిషి గాదు, గాలి కొట్టింది, దాన్ని వేలం పెడితే సర్కారుకు పైసలు, మాలాంటోళ్ళకు అగ్గువకు కర్ర, అడవిల పెట్టి మురగబెడితే ఎవరికి లాభం?" అన్నడు. నాకు అప్పుడు జవాబు రాలేదు. మామ అడిగిన దాంట్ల తప్పేం లేదు, మనలో చానామందికి అనిపించేది గదే. ఈ వీడియో అచ్చంగ ఆ ఒక్క ప్రశ్న గురించే.

[గ్రాఫిక్: రెండు అడవులు, ఒకదాని మీద "రిజర్వు ఫారెస్టు", ఇంకోదాని మీద "అభయారణ్యం"]

ముందుగాల ఒక తేడా పట్టుకోవాలె. బయటినుంచి చూస్తే అడవంటే అడవే, చట్టంల మాత్రం అట్ల గాదు. రిజర్వు ఫారెస్టు అనేది 1967 ఫారెస్టు యాక్టు కింద నడుస్తది, అక్కడ కలప అనేది ఒక పంట లాంటిది, ప్లాన్ ప్రకారం కొడతరు, డిపోకు తెస్తరు, వేలం వేస్తరు. అదే అడవి మీద అభయారణ్యం అనే ముద్ర పడ్డదంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి దాని మీద కూసుంటది. అప్పటిసంది ఆ అడవి పని కలప ఇచ్చుడు గాదు, అందులున్న జీవాలు బతికేటట్టు చూసుడు. చెట్టు అదే, నేల అదే, కానీ దాన్ని కాపాడే కారణం మారింది.

ఇంకో సంగతి నాకు చదివేదాకా తెల్వదు. ఆ చట్టంల వైల్డ్‌లైఫ్ అంటే ఏందో రాసిన్రు. మనం వైల్డ్‌లైఫ్ అంటే పులి, ఎలుగుబంటి, దుప్పి అనుకుంటం గదా, చట్టం అట్ల అనుకోలేదు, జీవాలతో పాటు ఆ జీవాల ఆవాసంల భాగమైన చెట్టూ చేమా కూడ వైల్డ్‌లైఫే అన్నది. అంటే తాడ్వాయిల ఉన్న నల్లమద్ది గానీ టేకు గానీ ఇప్ప గానీ, చట్టం లెక్కల అది సామాను గాదు.

ఇప్పుడు అసలు సెక్షన్ కాడికి పోదాం, 29వ సెక్షన్.

[స్క్రీన్ మీద పెద్దగా: సెక్షన్ 29]

అభయారణ్యంలకెళ్ళి ఎవ్వరు కూడ, రాష్ట్రంల వన్యప్రాణులను చూసుకునే పెద్దాఫీసర్, అంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ లేకుంట చెట్టు, కర్ర, గడ్డి, జంతువు ఏదీ పాడు చెయ్యద్దు, బయటికి తేవద్దు, జంతువుల ఆవాసాన్ని చెడగొట్టద్దు, ఆఖరికి లోపలికి వచ్చే వాగు నీళ్ళను గూడ మళ్ళియ్యద్దు ఆపద్దు అని ఉన్నది. మరి వార్డెన్ ఆయన ఇష్టం వచ్చినట్టు పర్మిట్ ఇస్తడా అంటే అట్ల లేదు, అది తీస్తెనే లోపలి వన్యప్రాణులకు మేలు అయితది అని రాష్ట్ర ప్రభుత్వం వైల్డ్‌లైఫ్ బోర్డుతోని మాట్లాడి ఒప్పుకుంటేనే ఇయ్యాలె. సర్కారుకు ఆమ్దానీ వస్తది అనేది కారణమే గాదు, ఆ మాటకు ఈ సెక్షన్ల జాగనే లేదు.

దాని కిందనే ఇంకో మాట ఉన్నది, ఇది గట్టిగ గుర్తువెట్టుకోండి, మళ్ళ దీని కాడికే వస్తం. ఒకవేళ పర్మిట్‌తోని అడవి సరుకు ఏదన్న తీస్తే, దాన్ని అభయారణ్యం లోపల, చుట్టుపక్కల ఉండే జనం సొంత అవసరాలకు వాడుకోవచ్చు, వ్యాపారానికి మాత్రం వాడద్దు. మామ అడిగిన వేలం ఇక్కడనే ఆగిపోయింది.

మామ ఇంకో మాట అంటడు నాకు తెలుసు. ఇదంత నిలవడ్డ చెట్టుకు, పడ్డ చెట్టుకు ఏంది అంటడు. దానికి జవాబు సుప్రీంకోర్టు కాడ ఉన్నది.

తమిళనాడు నీలగిరి కొండలల్ల అడవులు కొడుతున్నరని గోదావర్మన్ తిరుముల్పాద్ అనే ఆయన 1995ల సుప్రీంకోర్టుకు పోయిండు. ఆ ఒక్క కేసు ఆడికే ఆగక దేశంల ఉన్న అడవులన్నిటికి చుట్టుకున్నది, 1996 డిసెంబర్ 12న వచ్చిన ఆర్డర్‌తోని రికార్డుల అడవి అని రాసున్న ప్రతి జాగకు రక్షణ వచ్చింది, ఏండ్ల తరబడి అదే కేసుల ఎన్నో ఆర్డర్లు వచ్చినయి. వాటిల్ల ఒకటి 2000 ఫిబ్రవరి 14 నాటిది. నేషనల్ పార్కులు, అభయారణ్యాలల్లకెళ్ళి చచ్చిపోయిన చెట్లు, రోగం పట్టిన చెట్లు, చావుకు దగ్గరికొచ్చిన చెట్లు, గాలికి పడ్డ చెట్లు, కొట్టుకొచ్చిన కర్ర, గడ్డి, ఇవి తీసుడుకు ఆర్డర్లు ఇయ్యద్దు అని కోర్టు రాష్ట్ర ప్రభుత్వాలను ఆపింది. గాలికి పడ్డ చెట్లు అని పేరు వెట్టి చెప్పింది, మామా. తాడ్వాయి గాలివానకు 24 ఏండ్ల ముందుగాలనే.

ఎందుకు గంత గట్టిగ ఆపిన్రు అనేది నేను చానా ఆలోచించిన. నాకు అర్థమైంది చెప్తున్న. పడ్డ చెట్టును అమ్ముకోవచ్చు అని ఒక్కసారి తలుపు తీసినమనుకోండి, తెల్లారి నుంచి అడవిల చెట్లు పడుడు మొదలువెడతయి. పచ్చగున్న చెట్టు మొదట్ల చుట్టూ బెరడు చెక్కితే చాలు, అది నిలువునా ఎండిపోతది, ఎండిన చెట్టు అని రాసుకోవచ్చు. వేరు కింద ఇంత తవ్వితే ఒక్క వానకు పడ్తది, గాలికి పడ్డది అని రాసుకోవచ్చు. బీట్ ఆఫీసర్ ఒక్కడు అన్ని కిలోమీటర్ల అడవి తిరిగి ఏది గాలికి పడ్డది ఏది గొడ్డలికి పడ్డది అని ఎక్కడ తేలుస్తడు? అందుకే చెట్టు పడితే ఎవ్వరికీ పైస రాకుంట చేసిన్రు, నాకైతే ఇది మస్తు తెలివైన పని అనిపించింది.

[కూలిన దుంగ మీద నాచు, పుట్టగొడుగులు, దగ్గరి షాట్]

ఇగ మురిగిపోతది అన్న మాట. మురుగుడు అంటే మన ఇంట్ల దర్వాజ మురిగినట్టు గాదు. పడ్డ దుంగల చెదలు పడ్తయి, పురుగులు పడ్తయి, ఆ చెదలు తినడానికి ఎలుగుబంటి వస్తది, అలుగు వస్తది, వడ్రంగి పిట్ట ఎండిన మొద్దుల పొక్క చేసుకొని పిల్లలు వెడ్తది, ఆ పొక్క అది ఇడిచిపోయినంక ఇంకో పిట్ట చేరుతది. కర్ర మట్టిల కలిస్తే ఆ మట్టి తడి పట్టుకుంటది. పెద్ద చెట్టు పడ్డ జాగల ఆకాశం తెరుచుకొని నేల మీదికి ఎండ వడ్తది, అన్ని రోజులు నీడల ఆగిపోయిన మొలకలు లేస్తయి. టేకు అయితే విరిగినా మొదలు బతికుంటే మళ్ళ చిగురు కొడ్తది, ఇది మామకు నాకంటే ఎక్కువ తెలుసు.

అట్లని అన్నీ ముట్టకుంట ఇడిచిపెట్టుడే మంచిదని నేను అంటలేను. గన్ని చెట్లు ఒక్క జాగల పడి ఎండినంక ఎండకాలం వస్తే అగ్గి భయం ఉంటది, ఉత్త మాట గాదు అది. మన దిక్కు ఫిబ్రవరి నుంచే ఆకు రాలుతది, ఇప్పపువ్వు ఏరేటప్పుడు కింద ఆకు కాలవెట్టే అలవాటు కూడ ఉన్నది. అభయారణ్యంల అగ్గి వెట్టుడు గానీ, అడవికి అంటుకునేటట్టు మంట ఇడిచిపెట్టుడు గానీ 30వ సెక్షన్ కింద నేరం. అందుకని ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుంట ఆకు, పుల్ల తీసేసిన బాటలు, కొట్టాలె, రోడ్డు మీద, బాట మీద పడ్డవి పక్కకు జరపాలె, ఎక్కడ గుట్టలెక్క పేరుకున్నదో అక్కడ ఏం చెయ్యాలెనో అడవి చదువు చదివినోళ్ళు చూసి చెప్పాలె. లోపలి జీవాల మేలు కోసం అయితే పర్మిట్‌కు దారి ఉన్నది అని ఇందాకనే చెప్పిన గదా, ఇసొంటి పనికే అది. అవసరం అయినకాడికి చెయ్యాలె, ఆ పేరు మీద లారీలు లోపలికి రావద్దు.

[తాడ్వాయి మండలంల ఒక గూడెం, దూరం నుంచి షాట్, మొఖాలు కనవడయి]

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే కాడికి వస్తున్న. ఈ అడవిల మనుషులున్నరు. కోయ గూడేలు అభయారణ్యం కంటే పాతయి, చట్టం వాళ్ళ తర్వాత వచ్చింది. హన్మకొండల కూసొని వాళ్ళకు కట్టె ముట్టద్దు అని చెప్పే హక్కు మనకు ఎక్కడిది?

చట్టం కూడ అట్ల చెప్పలేదు. 2006ల అటవీ హక్కుల చట్టం వచ్చింది, అందుల అటవీ భూమి అంటే అభయారణ్యాలు, నేషనల్ పార్కులు కూడ అని కలిపి రాసిన్రు. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి భూమి దున్నుకుంటున్న గిరిజన కుటుంబాలకు 4 హెక్టార్ల దాక హక్కు, దానితోపాటు వెదురు, తునికాకు, తేనె, మందు మొక్కలు ఇసొంటి చిన్న అటవీ ఫలసాయం మీద ఊరికి హక్కు. ఆ లిస్టుల పుల్లలు, చెట్టు మొద్దులు కూడ ఉన్నయి, కానీ కలప లేదు. అంటే గూడెపోళ్ళు పొయ్యిల కట్టెలకు, కంచెకు, గుడిసెకు తెచ్చుకునేది వేరు, టేకు దుంగ కోత మిషిన్‌కు పోయేది వేరు, చట్టం ఈ రెంటినీ కలపలేదు. 29వ సెక్షన్ల సొంత అవసరాలు అన్న మాట గుర్తువెట్టుకోమన్న గదా, అది, ఇది పక్కపక్కన పెట్టి చూడండి, రెండూ ఒక్క దిక్కే చూపిస్తున్నయి. అడవి చుట్టున్న మనిషికి ముందు, బజారుకు ఎన్నడూ గాదు.

మరి నేల మీద అట్లనే నడుస్తున్నదా అంటే, తలమీద కట్టెలమోపుతో ఎదురైన ఆడామెను ఆపి అడిగే ప్రశ్నలు, రాత్రి పోయే లారీని కూడ అంతే గట్టిగ ఆపి అడగాలె అని మాత్రం అంటున్న.

ఇంకో కొత్త సంగతి ఉన్నది, దీని గురించి ఎవ్వరు మాట్లాడుతలేరు. 2022ల వన్యప్రాణి చట్టాన్ని సవరించిన్రు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందుల 33వ సెక్షన్‌కు ఒక మాట కలిపిన్రు, అభయారణ్యం షెడ్యూల్డ్ ఏరియాల ఉంటే, లేకుంటే అటవీ హక్కుల చట్టం వర్తించే జాగల ఉంటే, దాని మేనేజ్‌మెంట్ ప్లాన్ గ్రామసభతోని సంప్రదించినంకనే తయారు చెయ్యాలె. తాడ్వాయి ఐదో షెడ్యూల్ ఏరియా, అంటే రాజ్యాంగం ఆదివాసుల కోసం ప్రత్యేకంగ గుర్తించిన జాగ. అంటే పడ్డ చెట్లను ఎంత ఉంచాలె, ఫైర్ లైన్ ఎక్కడ కొట్టాలె, కొత్త మొక్కలు పెడితే ఏం మొక్కలు పెట్టాలె, ఉత్త టేకేనా, ఇప్ప, తునికి, నల్లమద్ది కూడనా, ఇవన్నీ గూడెంల మనుషులను కూసోబెట్టి అడగాల్సిన ముచ్చట్లు.

అడగకుంట చేస్తే ఏమైతదో మనం పైన ఆసిఫాబాద్‌ల చూసినం. కవ్వాల్ టైగర్ రిజర్వ్ నుంచి మహారాష్ట్ర దిక్కు పులులు నడిచే బాటను కాపాడాలని 2025ల జీవో 49 ఇచ్చి కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్ అన్నరు. పులుల బాట కాపాడుడు మంచి పనే, నేనైతే గట్టిగ కోరుకుంట. కానీ కన్జర్వేషన్ రిజర్వ్ అనేదానికి చట్టంలనే స్థానిక జనంతోని సంప్రదించినంక అని రాసున్నది, ఆదివాసులు మాకు చెప్పనే లేదని రోడ్డెక్కిన్రు, రెండు నెలలు గాకముందే జీవోను ఆపిన్రు. పులికి నష్టం, జనానికి భయం, రెండూ అయినయి.

[మళ్ళ హైవే షాట్]

మనలాంటి దారిన పోయేటోళ్ళ గురించి రెండు ముక్కలు చెప్పి ముగిస్త. అభయారణ్యంలకు పర్మిషన్ లేకుంట పోరాదు, కానీ లోపల నుంచి పోయే పబ్లిక్ హైవే మీద పోవచ్చు అని 27వ సెక్షన్ల ఉన్నది, మేడారం పోయే మన బండ్లన్నీ ఆ మాట మీదనే నడుస్తున్నయి. అదే సెక్షన్ల జంతువులను సతాయించద్దు, అభయారణ్యంల చెత్త వెయ్యద్దు అని కూడ ఉన్నది. బండి ఆపి చెట్ల కింద వంట చేసుకొని, పొయ్యి ఆర్పకుంట, ప్లేట్లు ఆడనే పారేసి వచ్చుడు అంటే రెండు సెక్షన్లు ఒక్కసారే దాటినట్టు, మూడేండ్ల దాక జైలు శిక్షకు దారి ఉన్నది. మేము కూడ ఈ వీడియో కోసం రోడ్డు దిగలేదు, లోపల షూటింగ్‌కు పర్మిట్ కావాలె, తీసుకున్నప్పుడు లోపలిది చూపిస్త.

మామకు ఈ స్క్రిప్టు నిన్న చదివి వినిపించిన. అంత విని "మరి మాకు కర్ర ఎక్కడిది అల్లుడా" అన్నడు. డిపో వేలంలకు వచ్చే కర్ర ఉన్నది, రైతులు పొలం గట్ల మీద పెంచిన టేకు ఉన్నది, ఆ టేకు కొట్టి తేవాలంటే ఏ కాయితాలు కావాలె, ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరగాలె అనేది ఇంకో పెద్ద కథ, వచ్చే వీడియో దాని మీదనే చేస్త మామా, పొలం గట్టు మీద చెట్టున్న రైతును కూడ తీసుకొస్త.