యూనిట్లకు ఎక్కని పూట

(ఒడిశాలోని బరంపురం స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

యాంకర్: వకీలు గారూ, జడ్జీలకు మార్కులు వేసే ఈ యూనిట్ల లెక్క ఏంటండీ?

న్యాయవాది: ఏ రకం కేసు తేలిస్తే ఎన్ని యూనిట్లో హైకోర్టు పట్టిక ఇస్తుంది. రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం కింది కోర్టుల మీద అజమాయిషీ దానిదే, మనకైతే కటక్‌లోని ఒడిశా హైకోర్టు. దీనికి తోడు జడ్జి పనితీరు మీద పైవాళ్లు రాసే ఏటా రహస్య నివేదిక.

రిటైర్డ్ బెంచ్ క్లర్క్: నెలాఖరు వారం చూడాలండీ! యూనిట్ల కోసం త్వరగా తేలే సన్న ఫైళ్లు పైకొస్తాయి, పాత పంపకాల దావా బీరువా అడుక్కి పోతుంది. జడ్జిగారిని ఏమనగలం? ఆయనకూ ప్రమోషన్ కావాలి కదా.

యాంకర్: గంజాం, గజపతి వైపు భాష చిక్కు కూడా ఉంది.

క్లర్క్: నేను పనిచేసిన ఒక కోర్టుకి పొలం తగాదాలో ఓ ముసలమ్మ సాక్ష్యానికొచ్చింది. ‘గట్టు మీది తాడిచెట్టు మాదే’ అంది. అడిగింది ఒడియాలో, చెప్పింది తెలుగులో, రాసింది ఇంగ్లీషులో. ఆమె అన్నది పొలం గట్టు. మాట మార్చి చెప్పినాయన ఏటి గట్టు అనేశాడు. ఎదుటి వకీలు లేచాడు. అది తేలేసరికి భోజనాల వేళైంది. ఆ పూట పడ్డ శ్రమ ఏ పట్టికలో రాస్తారు?

యాంకర్: అయితే యూనిట్లు ఎత్తేయాలా?

న్యాయవాది: ఎత్తేస్తే పైవాళ్ల ఇష్టాయిష్టాలే మిగులుతాయి. పాత కేసుకు, ఇలా రెండు భాషల్లో నడిచిన సాక్ష్యానికి ఎక్కువ యూనిట్లు ఇవ్వండి. నివేదికలో ఏం రాశారో జడ్జికి చెప్పండి. ప్రతి ఎంట్రీ ఉద్యోగికి తెలియజేయాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు అంది, న్యాయ సర్వీసును కూడా కలిపే.

యాంకర్: హైకోర్టు జడ్జీల సంగతి?

న్యాయవాది: వాళ్లకు ఇలాంటి వార్షిక నివేదిక లేదు. వాదనలు ముగిశాక తీర్పు రిజర్వు చేసి, అంటే తర్వాత చెబుతామని ఆపి, 3 నెలలు దాటితే పార్టీలు అర్జీ పెట్టుకోవచ్చు, 6 నెలలు దాటితే వేరే బెంచికి మార్చమని అడగొచ్చు. 2001లో అనిల్ రాయ్ కేసులో చెప్పిన మాట ఇది. కానీ తీర్పు రాయాల్సిన ఆయన మీదే అర్జీ అంటే ఎవరికి ధైర్యం?

రైతు: జడ్జిగారికి మార్కులేసేటప్పుడు మమ్మల్నీ అడగండి బాబూ. పొద్దున్నే బస్సెక్కి వస్తాం, వాయిదా అని నాలుగింటికి తెలుస్తుంది. పదింటికే చెబితే ఓ పూట పనైనా దక్కేది.

యాంకర్: ఓడినవాళ్లు కోపంతో మార్కులు కోసేస్తే?

రైతు: తీర్పు గురించి అడగొద్దు. టైముకి పిలిచారా, నా మాట సరిగ్గా రాసుకున్నారా, అంతే. ఓడినోడైనా అది చెప్పగలడు.

యాంకర్: ఇంతకీ ఆ తాడిచెట్టు ఎవరికి దక్కింది?

క్లర్క్: నేను రిటైరయ్యేనాటికి ఇంకా వాయిదాల్లోనే ఉందండి.