బ్రాకెట్ లోపల మారని విలువ

అందరికీ నమస్కారం. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ నడిపే బ్యాచ్ ఫైళ్లలో, అంటే వరసగా కమాండ్లు రాసిన ఫైళ్లలో, వచ్చే ఒక చిక్కు గురించి, స్క్రీన్ మీద కోడ్ చూపించకుండా నోటితోనే చెప్తాను. విషయం చిన్నదే, కానీ దీని దగ్గర నేను ఒక రాత్రంతా కూర్చున్నాను.

ఒక ఫోల్డర్‌లో 5 ఫైళ్లున్నాయి. కౌంట్ అనే వేరియబుల్‌లో, అంటే విలువ దాచుకునే పేరులో, సున్నా పెట్టి, ఒక్కో ఫైలుకీ ఒకసారి తిరిగే ఫర్ లూప్ మొదలుపెట్టాం. లోపల, బ్రాకెట్ల మధ్య, లెక్కలు చేసే సెట్ స్లాష్ ఏ కమాండ్‌తో కౌంట్‌కి ఒకటి కలిపాం. కింది లైన్లో కౌంట్‌కి అటూ ఇటూ % గుర్తు పెట్టి ఎకో చేశాం, అంటే దాని విలువని స్క్రీన్ మీద చూపించమన్నాం. ఒకటి, రెండు, మూడు రావాలి కదా? ఐదుసార్లూ సున్నాయే వస్తుంది. తమాషా ఏమిటంటే, లూప్ అయ్యాక బయట ఎకో చేస్తే 5 అని వస్తుంది. అంటే కూడిక సరిగ్గానే జరుగుతోంది, చూపించడంలోనే తేడా.

ఆ రాత్రి నేను కూడికనే అనుమానించాను. చివరికి విసుగొచ్చి, నడిచే కమాండ్లని స్క్రీన్ మీద కనిపించకుండా దాచే ఎకో ఆఫ్ లైను పైనుంచి తీసేశాను. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్ తను నడపబోయే లూప్‌ని ముందుగా స్క్రీన్ మీద చూపించింది. నేను కౌంట్ అని రాసిన చోట ఆ పేరే లేదు. ఎకో పక్కన ఉత్త సున్నా ఉంది!

జరిగేది ఇదీ. బ్రాకెట్ తెరిచామంటే, మూసేదాకా ఉన్నదంతా కమాండ్ ప్రాంప్ట్‌కి ఒకటే కమాండ్. మొత్తాన్ని ఒకేసారి చదువుతుంది. చదివేటప్పుడే % గుర్తుల మధ్య ఉన్న పేరు చెరిపేసి అప్పటి విలువ రాసేస్తుంది. నడపడం ఆ తర్వాత. ఇక లూప్ వెయ్యిసార్లు తిరిగినా అక్కడున్నది సున్నాయే. సెట్ స్లాష్ ఏ లో % లేకుండా పేరు మాత్రమే రాస్తాం, అది నడిచేటప్పుడు విలువ తెచ్చుకుంటుంది. అందుకే కూడిక తప్పలేదు.

షరతు నిజమైతేనే నడిచే ఇఫ్ బ్లాకులోనూ ఇదే కథ. ప్రోగ్రాములు వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా ఉండే పాత్ వేరియబుల్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ (x86) ఫోల్డర్ పేరు చివర బ్రాకెట్ ఉంటుంది చూడండి, కొటేషన్లు లేకుండా పాత్‌ని ఇఫ్ బ్లాకులో వాడితే ఆ బ్రాకెట్టే మన బ్లాకుని మధ్యలో మూసేస్తుంది. తర్వాత వచ్చే ఎర్రర్ చదివితే దేనికీ సంబంధం ఉండదు.

మందు మైక్రోసాఫ్టే ఇచ్చింది. సెట్ కమాండ్ హెల్ప్‌లోనే ఈ తప్పుకి ఉదాహరణ కూడా ఉంది, మనం చదవం అంతే. సెట్‌లోకల్ పక్కన ఎనేబుల్‌డిలేడ్‌ఎక్స్‌పాన్షన్ అని రాసి, % బదులు ! పెడితే, ఆ లైను నడిచే క్షణంలో ఉన్న విలువ వస్తుంది.

చాలామంది దీన్ని ఫైలు మొదట్లోనే పెట్టేసి హాయిగా ఉంటారు. నాకది నచ్చదు. ఫైలు పేరులోనే ! ఉందనుకోండి, ఫర్ ఇచ్చిన పేరులోంచి ఆ గుర్తు మాయమవుతుంది. ఫైలు కళ్లెదురుగానే ఉంటుంది, స్క్రిప్టేమో లేదంటుంది. పోనీ లూప్ లోపలే ఆన్ చేసి ఎండ్‌లోకల్‌తో ఆపేద్దామంటే, ఆ మధ్యలో పెంచిన కౌంట్ కూడా దాంతోపాటే పోతుంది.

అందుకని నేను లూప్ లోపల ఒక్క కాల్ లైనే ఉంచి, పనంతా కింద ఒక లేబుల్ దగ్గర, అంటే కాల్ వెళ్లి చేరే పేరు పెట్టిన చోట, రాస్తాను. అక్కడ బ్రాకెట్లుండవు, ప్రతి లైనూ దాని వంతు వచ్చినప్పుడే చదువుతుంది, కాబట్టి మామూలు % గుర్తే సరిపోతుంది. ప్రతిసారీ లేబుల్ వెతుక్కోవాలి గనక కాస్త నెమ్మది. ఫైలు పేరులో % ఉంటే కాల్‌తోనూ పేచీయే, కాకపోతే అలాంటి పేర్లు నాకు అరుదుగా తగిలాయి.

ఇవన్నీ సరిచూసుకున్నా లూప్ తర్వాత కౌంట్ సున్నాగానే ఉంటే, లూప్‌ని పైప్‌కి, అంటే ఒక కమాండ్ ఇచ్చింది ఇంకోదానికి అందించే | గుర్తుకి, తగిలించారేమో చూడండి. పైప్‌కి రెండు వైపులా ఉన్నవి విడివిడి కమాండ్ ప్రాంప్టుల్లో నడుస్తాయి. అక్కడ పెరిగిన కౌంట్ అక్కడితోనే పోతుంది, ఆశ్చర్యార్థకాలు ఎన్ని పెట్టినా తిరిగి రాదు.