కట్టెలో హైడ్రోజన్ ఉంది సరే, కట్టె ఎండబెట్టేదెవరు

అందరికీ నమస్కారమండి. పెద్దల పేర్లన్నీ చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన 20 నిమిషాల్లో 10 అక్కడే అయిపోతాయి, సెక్రటరీ గారు ఏమనుకోవద్దు. ఉగాది కవిసమ్మేళనానికి ముందు హైడ్రోజన్ గురించి మాట్లాడమన్నారు, ఎందుకో నాకూ అర్థం కాలేదు, బహుశా కవులు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారేమో.

మనం కూర్చున్న ఈ మల్లేశ్వరం నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో టాటా ఇన్‌స్టిట్యూట్, అదే సైన్సు పరిశోధనలు చేసే ఐఐఎస్సీ, పాత బెంగళూరు వాళ్ళు ఇప్పటికీ అట్లే అంటారు. అక్కడ ప్రొఫెసర్ దాసప్ప గారి టీము బయోమాస్ నుంచి, అంటే కట్టె, పొట్టు లాంటివాటి నుంచి, హైడ్రోజన్ తీసి చూపించింది, 2022లో పేపర్లలో కూడా వచ్చింది. కిలో బయోమాస్‌కి 100 గ్రాముల హైడ్రోజన్. లెక్కల మాస్టర్లు ఎవరన్నా ఉంటే ఇక్కడ నన్ను పట్టుకోవాలి, ఎండు కట్టెలో ఉండేదే కిలోకి 60 గ్రాములు, మిగతా 40 ఎక్కడిదయ్యా అని. నీళ్ళదండీ. ఎర్రగా కాగిన బొగ్గు మీదికి ఆవిరి పంపితే ఆ బొగ్గు నీళ్ళలోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ బయటపడతాయి, ఆ మోనాక్సైడ్‌కి మళ్ళీ ఆవిరి తగిలిస్తే ఇంకాస్త హైడ్రోజన్.

కట్టెని ఇట్లా గ్యాసు చేసే పొయ్యినే గ్యాసిఫైయర్ అంటారు, మామూలుగా దానికి గాలి ఊదుతారు. గాలిలో ఐదింట నాలుగు వంతులు నైట్రోజనే కదా, అందుకే వచ్చే గ్యాసులో దాదాపు సగం పనికిరాని నైట్రోజన్, హైడ్రోజన్ అటూఇటుగా 20 శాతం. ఇంజన్ నడపడానికి అది చాలు. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలు దొరక్క మన బస్సులు బొగ్గు గ్యాసు మీదే నడిచాయి, క్లీనర్ వెనకాల నిలబడి బ్లోయర్ తిప్పేవాడని మా తాత చెప్పి చెప్పి చంపేవాడు. కానీ హైడ్రోజన్ విడిగా కావాలంటే ఆ నైట్రోజన్ పెద్ద తలనొప్పి, కాబట్టి గాలి మానేసి ఆక్సిజన్, ఆవిరి ఇస్తారు. 2021లో ఇదే బెంగళూరులో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ కోసం మనమంతా ఎన్ని ఫోన్లు చేశామో గుర్తుందా? దాంట్లో జియోలైట్ గుళికలుంటాయి, నైట్రోజన్‌ని పట్టుకుని ఆక్సిజన్‌ని వదుల్తాయి. చివర్లో హైడ్రోజన్‌ని వేరు చేసేది కూడా ఇట్లాంటి జల్లెడే.

సైన్సు ఇంతే. సైన్సు గురించి నాకు బెంగ లేదండి, నా బాధంతా వేరే.

2007లో హిందూపురం దగ్గర ఒక నూనె మిల్లులో గ్యాసిఫైయర్ పెట్టాం. హైడ్రోజన్ కోసం కాదు, ఇంజన్‌కి, కరెంటుకి. నేను సర్వీస్ ఇంజనీర్ని. మిల్లు ఓనరు తెలివైనోడు, మొదటి రోజే, సార్ మా బుడ్డల పొట్టు, అదే వేరుశనగ పొట్టు, ఊరికే పడుంది, సర్కారు తుమ్మ ముక్కలు కొనేదెందుకు, పొట్టే పోసేద్దాం అన్నాడు. వద్దన్నా, ఇటుకల్లాగా ఒత్తించి వేద్దాం అన్నా. వింటేనా? నేను బెంగళూరు బస్సెక్కంగానే పోసేశాడు. తేలిక పొట్టు కదా, రియాక్టర్‌లో కిందికి జారకుండా పందిరి కట్టినట్టు నిలబడిపోయింది, కింద డొల్ల, దాంట్లోంచి గాలి ఒక పక్కనే దూసుకుపోయింది, కట్టె, పొట్టు సరిగ్గా కాలనప్పుడు వచ్చే జిగురు తారు మొత్తం ఇంజన్‌లోకి. ఇంజన్ విప్పితే వాల్వులు బెల్లం పాకంలో ముంచి తీసినట్టున్నాయి. ఆ వాసన నా చొక్కాకి నాలుగు ఉతుకులైనా పోలేదు, మా ఇంటావిడ దాన్ని తుడుపుగుడ్డ చేసేసింది.

అక్కడ ఆపరేటర్‌గా ఒకన్న ఉండేవాడు, ఏడో క్లాసు. నా దగ్గరేమో తేమ కొలిచే మీటరు, బ్యాటరీ అయిపోయిన మీటరు. ఆయన రెండు తుమ్మ ముక్కలు తీసుకుని ఒకదానికొకటి కొట్టేవాడు. ఠంగుమంటే వేయి, దబ్‌మంటే ఎండకెయ్యి. తర్వాత ఓవెన్‌లో పెట్టి చూశా, ఆయన వేయమన్న ముక్కలు 15 శాతం తేమ లోపే! ఫ్లేర్ మంట, అంటే వచ్చే గ్యాసుని బయట వెలిగించే మంట, చూసి కూడా చెప్పేవాడు, లేత నీలంగా ఉంటే ఇంజన్‌కి కలుపు, పసుప్పచ్చ పొగొస్తుంటే ఆగు అని.

మొన్న ఒక కుర్ర ఇంజనీరు నన్నడిగాడు, ఆవిరి ఎట్లాగూ ఇస్తున్నాం కదా అంకుల్, తడి కట్టె వేస్తే ఏమవుతుంది అని. మంచి ప్రశ్నే. మనమిచ్చే ఆవిరి బాగా వేడెక్కించి, కొలత ప్రకారం ఇచ్చేది. కట్టెలో తడి పైన్నే ఆవిరై, లోపలి వేడిని తినేస్తుంది. వేడి తగ్గితే తారు విరిగి గ్యాసుగా మారదు. అంతే, మళ్ళీ మా వాల్వుల కథే.

ఆ అన్నకి జీతం ఎవరివ్వాలో ఏ కాగితంలోనూ లేదండీ. మిషన్‌కి సబ్సిడీ ఉంది, రిబ్బన్ కట్ చేయడానికి షామియానా ఖర్చుంది, కట్టె కొట్టి ఎండబెట్టే మనిషికి పద్దు లేదు. సబ్సిడీ ఇచ్చిన ఆఫీసులో అడిగితే అది లబ్ధిదారుడే చూసుకోవాలన్నారు. ఎనిమిది నెలలకి ఆయన మానేశాడు, తర్వాత రెండు నెలల్లో మిషన్ ఆగింది. నా కడుపుమంట ఇదే, ఎక్కడ మైకిచ్చినా ఇదే చెప్తా, విన్నవాళ్ళు క్షమించాలి.

తుమకూరు జిల్లా హొసహళ్ళిలో ఐఐఎస్సీ వాళ్ళే 1988లో 3.7 కిలోవాట్ల చిన్న గ్యాసిఫైయర్‌తో ఊరికి దీపాలు వెలిగించారు, తర్వాత నీళ్ళ పంపు, పిండిమర కూడా నడిపారు. దానికోసం అడివి పెంచారు, ఊరి పిల్లలకే ఆపరేటర్ పని నేర్పారు. అందుకే ఏళ్ళ తరబడి నడిచింది.

2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం గ్రీన్ హైడ్రోజన్ మిషన్ అనే పథకానికి 19,744 కోట్లు పెట్టింది. నీళ్ళని కరెంటుతో విడగొట్టాలంటే కిలో హైడ్రోజన్‌కి 50 యూనిట్ల పైన్నే కావాలి. గ్రీన్ అనడానికి ప్రభుత్వం పెట్టిన నిబంధనలో బయోమాస్ దారి కూడా ఉంది. మంచిదే, చాలా మంచిది. కానీ దాని మీద జరిగే చర్చల్లో ఈ నీళ్ళు విడగొట్టే ఎలక్ట్రోలైజర్ తప్ప కట్టె మాట వినపడదు. కిలో హైడ్రోజన్ మామూలు ఒత్తిడిలో 11 ఘనమీటర్ల పైన్నే చోటు తింటుంది, దాన్ని నొక్కి సిలిండర్లకెక్కించి లారీల్లో తిప్పేకంటే పొట్టున్న చోటే తీసి అక్కడే వాడుకోవడం మేలు కదా, అంటే చిన్న ప్లాంట్లు, అంటే ఊరూరా ఒక ఆపరేటరన్న.

ఆ వెనక వరసలో బాబూ, యూట్యూబ్ చూసి అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద చేద్దామంటున్నావట, ఇందాక కాఫీ దగ్గర విన్నా. వద్దు నాయనా. మోనాక్సైడ్‌కి రంగూ లేదు వాసనా లేదు, మనిషి నిద్రపోయినట్టే పోతాడు. హైడ్రోజన్ ఏమో గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది. షెడ్డు బయట, గాలాడే చోట, తెలిసినోళ్ళ పక్కన నేర్చుకో, కావాలంటే నేనొస్తా.

సెక్రటరీ గారు వాచ్ చూపిస్తున్నారు, కవులొచ్చినట్టున్నారు. ఒక్క నిమిషం. ఈ రెండు సంచుల్లో తుమ్మ ముక్కలు తెచ్చాను, ఒక సంచివి ఎండినవి, ఇంకోటి నిన్న కొట్టినవి. వరసలో అందరూ ఒక జత తీసుకుని కొట్టి చూసి పక్కవాళ్ళకివ్వండి. మొదటి వరస నుంచి... అమ్మా, గట్టిగా కొట్టండి, ఏం కాదు.