బాడెన్-బాడెన్‌లో అల్లిన పగడపు దిబ్బ, మా అత్తయ్యగారి ప్రశ్న

అందరికీ నమస్కారమండీ. మీరు చూస్తున్న ఈ దృశ్యాలు 2022 వసంతకాలంలో జర్మనీలోని బాడెన్-బాడెన్ పట్టణంలో, ఫ్రీడర్ బుర్డా మ్యూజియంలో తీసినవి. రిచర్డ్ మేయర్ రూపకల్పన చేసిన ఈ తెల్లని భవనంలో పలు రంగుల్లో విచ్చుకుని కనిపిస్తున్న పగడాలన్నీ క్రోషే సూదితో అల్లినవే. సుమారు 4,000 మంది తమ తమ ఇళ్లలో అల్లి పంపిన 40,000కు పైగా పగడాలను ఇక్కడ దిబ్బలుగా పేర్చారు.

ఇలా పగడపు దిబ్బలను అల్లే ఈ ప్రాజెక్టును 2005లో లాస్ ఏంజెలిస్‌లో ఆరంభించినవారు మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అనే కవల అక్కచెల్లెళ్లు. వారు పుట్టిపెరిగిన ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరంలోనే గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల వరుస ఉంది. సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు పాలిపోవడం చూసి ఈ పనికి పూనుకున్నారు. తరువాత ఎన్నో నగరాల్లో స్థానికులే తమ సొంత దిబ్బలను అల్లుకున్నారు.

దీని వెనుక గణితం కూడా ఉంది. వరుసలో ప్రతి కొన్ని కుట్లకు ఒక కుట్టు అదనంగా వేస్తూ పోతే అంచు పొడవు అల్లిక వెడల్పుకు మించి పెరిగిపోయి, బల్లపరుపుగా ఉండలేక, కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా ముడుచుకుంటుంది. ఇలా అంతటా కుచ్చిళ్లు పడుతూ విస్తరించే ఉపరితలాన్ని గణితంలో హైపర్బోలిక్ తలం అంటారు. దానికి చేత్తో పట్టుకుని చూపగల నమూనాను 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణిత శాస్త్రవేత్త డైనా టైమినా ఈ పద్ధతిలోనే అల్లారు. కొన్ని పగడాల రూపమూ అదే. అదనపు కుట్టు ఎన్నింటికొకటి వేయాలో మారిస్తే చాలు, ఆకారం మారిపోతుంది. కనుక సూత్రం అందరికీ ఒక్కటే అయినా ఏ ఇద్దరి పగడమూ ఒకేలా రాదు.

నాతో వచ్చిన మా అత్తయ్యగారిది నరసాపురం ప్రాంతం. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడ ఇంటింటి పని; ఆవిడ కూడా చిన్ననాటి నుంచీ అల్లినవారే. గాజు పెట్టె దగ్గర చాలాసేపు నిలబడి, "ఇక్కడ అతుకు పని లేదమ్మాయీ, ఎవరిది వాళ్లకే ఉంచేశారు" అన్నారు. ఆ ఒక్క మాటతో నేను ప్రదర్శనను మరోలా చూడటం మొదలుపెట్టాను. నరసాపురంలో ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని అతుకుతారు. దుప్పటి పూర్తయ్యేసరికి ఏ పువ్వు ఎవరిదో అల్లినవారే చెప్పలేరు. ఇక్కడ మాత్రం అనుభవం లేనివారి వంకరటింకర పగడం కూడా తన వంకరతోనే నిలిచి ఉంది. పాల్గొన్నవారి పేర్లన్నీ ప్రకటించడం ఈ అక్కచెల్లెళ్లు పాటించే నియమం. (కళాచరిత్రలో మాత్రం ప్రధానంగా నిలిచేది వారిద్దరి పేర్లేనన్నది వేరే సంగతి.)

ఆవిడ రెండో ప్రశ్న మరింత సూటిగా ఉంది: "ఒక్కోదానికి ఎంత ఇచ్చారట?" ఏమీ ఇవ్వలేదని, అందరూ ఇష్టంగా అల్లి పంపారని చెప్పాను. "అయితే వీళ్లకి ఇల్లు గడవడానికి వేరే దారి ఉందన్నమాట" అన్నారు.

ఈ తేడాను దాటవేసి రెండింటినీ "స్త్రీల సామూహిక కళ" అని ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. లేసు పనిని ఇంటిపట్టున తీరికగా చేసే పనిగా చెప్పుకోవడం వల్లనే దాని గంటలకు లెక్క లేకుండా పోయింది. లేసు పని ఇచ్చే ఏజెంటు చెల్లించేది పనికి కూలి, కాలానికి కాదు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, సంతోషమే. అయితే ఆ గుర్తింపు ఊరి పేరును, సరుకు పేరును కాపాడుతుందే కాని, పువ్వు అల్లినవారి పేరును దుప్పటి వెంట పంపదు. పేరు రాసిన చీటీ ఒకటి దుప్పటికి కుట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కూలి పెంచడానికి అవుతుంది. రెండింటిలో ముందు ఏది కావాలని అత్తయ్యగారిని అడిగితే, ఆవిడ తడుముకోకుండా కూలి అన్నారు.